ట్యూబులో గడ్డ వేరు, ఒంట్లో గడ్డ వేరు: మూలకణాల సేకరణలో ప్లేట్‌లెట్ల సంగతి

సేకరణ మొదలై పది నిమిషాలైనా కాకముందే మెషీన్ తెర మీద తెల్లటి నూకల్లాంటివి కనిపిస్తాయి. తిరిగే గిన్నెలో రక్తం పొరలుగా విడిపోయే చోటుని ఒక కెమెరా చూస్తూ ఉంటుంది. అడుగున ఎర్రకణాల పట్టీ, పైన పసుపుపచ్చని ప్లాస్మా, మధ్యలో సన్నటి తెల్లపొర. నూకలు వచ్చేది ఆ తెల్లపొరలోనే. మొదట ఒకటి రెండు కదిలిపోతాయి, తర్వాత వచ్చినది అక్కడే అతుక్కుంటుంది, దాని మీద ఇంకొకటి చేరుతుంది. మూలకణాలు (రక్తకణాలన్నిటినీ పుట్టించే కణాలు) ఇవ్వడానికి వచ్చిన మనిషి పక్క మంచం మీద రెండు చేతులూ చాపుకుని పడుకుని ఉంటారు. చూస్తున్న బంధువులకి వచ్చే మొదటి అనుమానం: రక్తం గడ్డకడుతోందంటే లోపల కూడా కడుతోందా?

దాదాపు ప్రతిసారీ సమాధానం కాదనే. నూకలు ప్లేట్‌లెట్ల ముద్దలు. అవి పుట్టింది ప్లాస్టిక్ దారిలో, రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ చాలక. దాత ఒంట్లో గడ్డ ఏర్పడే ప్రమాదం వేరే కారణాలతో, వేరే సమయంలో వస్తుంది, దాని లక్షణాలూ వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల రెండు చోట్లా తప్పులు జరుగుతాయి. ట్యూబులో ముద్ద చూసి, రక్తాన్ని పలచబరిచే హెపారిన్ మందుని అవసరం లేకుండా ఒంట్లోకి పంపడం ఒక తప్పు. ట్యూబు శుభ్రంగా ఉందని, మూడు రోజుల తర్వాత వచ్చిన కాలి వాపుని పట్టించుకోకపోవడం రెండో తప్పు.

ముందు పని ఎలా నడుస్తుందో చూడాలి. ఆరోగ్యవంతుడైన దాతకి ఫిల్‌గ్రాస్టిమ్ అనే జి-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్ కిలో బరువుకి రోజుకి 10 మైక్రోగ్రాముల చొప్పున నాలుగైదు రోజులు చర్మం కింద ఇస్తారు. ఎముక మజ్జలో ఉండే మూలకణాలు కొన్ని రక్తంలోకి దిగుతాయి. అయిదో రోజు మెషీన్‌కి కలుపుతారు. ఒక చేతి నుంచి రక్తం వెళ్తుంది, తెల్లపొర మాత్రం సంచిలోకి వస్తుంది, మిగతాదంతా రెండో చేతికి తిరిగి వెళ్తుంది. ఒంట్లో ఉన్న మొత్తం రక్తానికి రెండు మూడు రెట్లు మెషీన్ గుండా తిరగాలి. అంటే పది లీటర్ల పైమాటే, మూడు నుంచి అయిదు గంటల పని. మరొకరికి ఇవ్వడానికైతే, రోగి బరువులో కిలోకి 40 నుంచి 50 లక్షల సీడీ34 కణాలు (మూలకణాల గుర్తు ఉన్నవి) కావాలని చూస్తారు. మైలోమా (ఒక రక్త క్యాన్సర్) లాంటి జబ్బుల్లో రోగి తన కణాలే తాను దాచుకునేటప్పుడు కిలోకి 20 లక్షలు కనీసం.

ఈ మొత్తం వ్యవహారంలో ప్లేట్‌లెట్లు పిలవని చుట్టాలు. మూలకణాలు లింఫోసైట్లు, మోనోసైట్లు అనే తెల్లకణాలతో పాటే తేలతాయి. వాటికి ఒక్క మెట్టు పైన, సాంద్రతలో కాస్త తేలికగా ప్లేట్‌లెట్ల పొర ఉంటుంది. ఆ రెండు పొరల మధ్య గీత గీసినట్టు హద్దు ఉండదు. కాబట్టి మూలకణాలు తీస్తే ప్లేట్‌లెట్లు కూడా వస్తాయి. ఒక సేకరణ పూర్తయ్యేసరికి దాత ప్లేట్‌లెట్ల సంఖ్య 30 నుంచి 50 శాతం దాకా పడిపోవడం మామూలే.

ప్లేట్‌లెట్‌కి ఎందుకు కోపం వస్తుంది

ప్లేట్‌లెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు నున్నటి బిళ్ల. రక్తనాళం లోపలి పొర కాక ఇంకేది తగిలినా, వేగం ఎక్కువైనా, సూది గుచ్చిన చోట చిరిగిన కండ నుంచి, గడ్డకట్టడం మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్ కలిసినా అది ముళ్లు లేచిన బంతిలా మారుతుంది. లోపలి ఆల్ఫా రేణువుల్లో దాగున్న పి-సెలెక్టిన్ అనే అతుక్కునే ప్రోటీన్ పైకి వస్తుంది. ఏడీపీ, థ్రాంబాక్సేన్ అనే సంకేత రసాయనాలు బయటికి పోయి పక్కనున్న ప్లేట్‌లెట్లనీ లేపుతాయి. చివరికి జీపీ టూబీ-త్రీఏ అనే కొక్కెం తెరుచుకుని రక్తంలోని ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. ఒక ఫైబ్రినోజెన్‌కి రెండు వైపులా రెండు ప్లేట్‌లెట్లు వేలాడితే ముద్ద మొదలైనట్టే. ఈ కొక్కెం నిలబడడానికి కాల్షియం కావాలి. సిట్రేట్ పని చేసేది సరిగ్గా ఇక్కడే.

మెషీన్‌లో ఈ కారణాలన్నీ ఒకేచోట కలుస్తాయి. ప్లాస్టిక్ గోడ ఉంది. సన్నని సూదిలో, పంపుల కింద ఒరిపిడి ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, గిర్రున తిరిగే గిన్నెలో ప్లేట్‌లెట్లన్నీ ఒక సన్నటి పొరలోకి నొక్కుకుపోతాయి. రక్తంలో విడివిడిగా తేలే కణాలు అక్కడ భుజం భుజం రాసుకుంటాయి. ఒకటి లేస్తే పక్కది లేవడానికి క్షణం చాలు. పి-సెలెక్టిన్ మోనోసైట్లకి, న్యూట్రోఫిళ్లు అనే మరో రకం తెల్లకణాలకి కూడా అతుక్కుంటుంది కాబట్టి ఆ ముద్దలో మనకి కావలసిన కణాలు కూడా చిక్కుకుంటాయి.

దీనికి తోడు జి-సీఎస్ఎఫ్. ప్లేట్‌లెట్ల మీద కూడా దాని గ్రాహకాలు ఉన్నాయని 1990ల్లోనే తేలింది. ఇంజెక్షన్లతో తెల్లకణాలు మైక్రోలీటరుకి 40, 50 వేలకి చేరతాయి. న్యూట్రోఫిళ్లు రెచ్చిపోయి ఎలాస్టేజ్ లాంటి ఎంజైములు వదులుతాయి. అంటే మెషీన్‌లోకి వచ్చే ప్లేట్‌లెట్ ప్రశాంతంగా రావడం లేదు, సగం లేచే వస్తోంది.

సిట్రేట్ లెక్క

ఇక్కడ లెక్క తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. వాడే మందు ఏసీడీ-ఏ. లీటరులో 22 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్, సుమారు 8 గ్రాముల సిట్రిక్ యాసిడ్, 24.5 గ్రాముల డెక్స్‌ట్రోజ్ ఉంటాయి. సిట్రేట్ కాల్షియంని పట్టి కట్టేస్తుంది. రక్తంలో స్వేచ్ఛగా ఉండే అయనైజ్డ్ కాల్షియం మామూలుగా లీటరుకి 1.1 నుంచి 1.3 మిల్లీమోల్స్. ట్యూబులో అది 0.3 కంటే కిందికి దిగితేనే గడ్డకట్టే పని నిలిచిపోతుంది.

సాధారణంగా వాడే నిష్పత్తి పన్నెండుకి ఒకటి: లోపలికి లాగే ప్రతి 12 పాళ్లకి ఒక పాలు ఏసీడీ-ఏ. పది లీటర్లు తిప్పితే 800 మి.లీ. పైచిలుకు మందు వాడినట్టు. దానిలో ఎక్కువ భాగం దాత ఒంట్లోకే పోతుంది. ఒంట్లోకి వెళ్లిన సిట్రేట్‌ని కాలేయం, మూత్రపిండాలు, కండరాలు కరిగించేస్తాయి. అరగంటలో దాదాపు సగం మాయమవుతుంది. అందుకే ట్యూబులో రక్తం గడ్డకట్టదు కానీ దాత రక్తం పలచబడదు. సిట్రేట్ గొప్పతనం అదే, దాని పరిమితి కూడా అదే. ఒంట్లో గడ్డ రాకుండా అది ఏమాత్రం కాపాడదు.

60 కిలోల మనిషిని తీసుకుందాం. రక్తం సుమారు 4 లీటర్లు. ఒంట్లో ఉన్న ప్రతి లీటరు రక్తానికి నిమిషానికి 1.2 మి.లీ. మించి ఏసీడీ-ఏ పంపకూడదనేది చాలాచోట్ల పాటించే హద్దు. అంటే ఈయనకి నిమిషానికి 4.8 మి.లీ. రక్తం నిమిషానికి 55 మి.లీ. చొప్పున లాగుతూ 12:1 పెడితే మందు 4.6 మి.లీ. వెళ్తుంది, హద్దు లోపలే ఉన్నాం. పది లీటర్లకి మూడు గంటలు. నూకలు కనిపించాయని నిష్పత్తిని 10:1కి మార్చి వేగం అలాగే వదిలేస్తే మందు 5.5 మి.లీ.కి ఎగబాకుతుంది. హద్దు దాటింది. ట్యూబులో ముద్దలు కరుగుతాయి గానీ దాత పెదవులు తిమ్మిరెక్కుతాయి. నిష్పత్తి మార్చిన చేత్తోనే వేగం 48కి తగ్గించాలి. సేకరణ ఇంకో అరగంట సాగుతుంది, అంతే. ఆ అరగంట కోసం తొందరపడేవాళ్లే ఎక్కువ ఇబ్బంది తెచ్చుకుంటారు.

కాల్షియం తగ్గుతున్నప్పుడు ముందు పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు, తర్వాత వేళ్ల చివర, ఆపై ఛాతీలో సన్నటి వణుకు. పట్టించుకోకపోతే చేతివేళ్లు కొంకర్లు పోతాయి, ఈసీజీలో క్యూటీ విరామం సాగుతుంది (గుండె లయ తప్పవచ్చనే సూచన). తేలికగా ఉంటే వేగం తగ్గించి కాల్షియం మాత్రలు నమలమంటారు. చాలకపోతే కాల్షియం గ్లూకోనేట్ సిరలోకి. దీన్ని ఎక్కడ కలుపుతున్నారన్నది ముఖ్యం. తిరుగు ట్యూబులో ఎగువన కలిపితే సిట్రేట్ కట్టిపెట్టిన కాల్షియం మళ్లీ ట్యూబులోనే దొరుకుతుంది, గడ్డ అక్కడే కడుతుంది. దాత చేతికి వీలైనంత దగ్గరగా, లేదా వేరే సిరలో ఇవ్వాలి. మన దగ్గర విటమిన్ డి లోపం చాలా ఎక్కువ. అలాంటి దాతకి తిమ్మిర్లు తొందరగా మొదలవుతాయి, కాబట్టి సేకరణకి ముందే కాల్షియం, మెగ్నీషియం చూసుకోవడం మంచిది. ఆ రోజు పొద్దున్న ఖాళీ కడుపుతో రాకూడదు. ఇడ్లీ, పాలు, పెరుగన్నం బాగుంటాయి. నూనె ఓడే పూరీలు వద్దు: కొవ్వుతో ప్లాస్మా తెల్లబడితే పొరల హద్దు మెషీన్‌కి సరిగ్గా కనబడదు.

నూకలు కనిపిస్తే

మొదట చూడాల్సింది మందు నిజంగా వెళ్తోందా అని. ఏసీడీ-ఏ సంచి కింది గదిలో చుక్కలు పడుతున్నాయా, క్లాంపు తెరిచి ఉందా, సంచి ఖాళీ అయిందా. ఇంకా ఘోరమైన పొరపాటు ఒకటుంది: సెలైన్, ఏసీడీ-ఏ సంచులు తారుమారు కావడం. రెండూ నీళ్లలాగే ఉంటాయి. సెలైన్ వెళ్లాల్సిన చోట ఏసీడీ-ఏ వెళ్తే దాతకి ప్రాణాపాయం, ఏసీడీ-ఏ వెళ్లాల్సిన చోట సెలైన్ వెళ్తే నిమిషాల్లో ట్యూబంతా గడ్డ. అందుకే కలిపేటప్పుడు ఇద్దరు చదివి సరిచూడాలన్న నియమాన్ని ఎంత రద్దీలోనైనా వదలకూడదు.

తర్వాత సూది. ఏసీడీ-ఏ రక్తంలో కలిసేది సూది దాటిన కొంత దూరం తర్వాత. సూదిలోనూ ఆ చిన్న ముక్క ట్యూబులోనూ ఉన్న రక్తానికి ఏ రక్షణా ఉండదు. ధార బాగా ఉన్నంతసేపు ఫర్వాలేదు, అక్కడ రక్తం నిలవదు. కానీ దాత మోచెయ్యి వంచినా, సిర చిక్కిపోయినా పీడనం అలారం మోగి పంపు ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ ఆ ముక్కలో రక్తం నిలిచి ప్లేట్‌లెట్లు లేస్తాయి, పంపు మళ్లీ తిరగగానే అవి గిన్నెలోకి వెళ్తాయి. తెర మీద నూకలు కనిపించేది గిన్నెలో, పుట్టింది సూదిలో. రెండు మూడు సార్లు గుచ్చి దొరికించుకున్న సిరతో ఈ బాధ ఎక్కువ. చెయ్యి సర్ది, వేడి కాపడం పెట్టి, గుప్పిట్లో మెత్తటి బంతి ఇచ్చి నొక్కమంటే చాలాసార్లు నూకలు వాటంతటవే పోతాయి.

అవీ సరిగ్గానే ఉంటే నిష్పత్తిని 10:1కి, అవసరమైతే 8:1కి దించి, వేగం తగ్గించి పది పదిహేను నిమిషాలు చూడాలి. అప్పుడే పుట్టిన ముద్దలు పట్టు వదలి విడిపోతాయి. తెర తేటపడ్డాక 12:1కి తిరిగి రావాలి, మరిచిపోకూడదు. ప్లేట్‌లెట్లు నాలుగు లక్షలు దాటిన దాతలకి మొదటి నుంచే 10:1తో మొదలుపెట్టి, తెర తేటగా ఉందని నమ్మకం కుదిరాక 12:1కి మార్చడం మేలు. సంచిలోకి వచ్చే ట్యూబు రంగు కూడా కనిపెట్టుకుని ఉండాలి: పలచని టమాటా చారు రంగు ఉండాలి. మరీ వెలిసిపోతే ప్లేట్‌లెట్లు ఎక్కువ లాగుతున్నట్టు, చిక్కబడితే ఎర్రకణాలు, గ్రాన్యులోసైట్లు (న్యూట్రోఫిళ్ల వర్గం తెల్లకణాలు) వస్తున్నట్టు.

ముద్ద పెరిగి దారి మూసుకుని, పీడనం ఎక్కి, తిరుగు ట్యూబులో కూడా దారాలు కనిపిస్తే ఇక ఆపేయాలి. లోపలున్న రక్తం పోతుందే అన్న బాధతో దాన్ని దాత ఒంట్లోకి వెనక్కి పంపకూడదు. పోయేది 200 మి.లీ. అటూ ఇటూ. ఆరోగ్యవంతుడైన దాత దాన్ని భరించగలడు.

హెపారిన్ సంగతేమిటి? ఎక్కువ రక్తం తిప్పాల్సి వచ్చినప్పుడు కొన్ని కేంద్రాలు ఏసీడీ-ఏలో హెపారిన్ కలుపుతాయి. దానితో సిట్రేట్ తగ్గించుకోవచ్చు, తిమ్మిర్లు తగ్గుతాయి. కానీ హెపారిన్ సిట్రేట్ లాగా అరగంటలో పక్కకి తప్పుకోదు, దాత రక్తాన్నే పలచబరుస్తుంది. పైగా అది రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్ అనే ఎంజైముని అడ్డుకుంటుంది గానీ ప్లేట్‌లెట్ కొక్కేన్ని నేరుగా ఆపదు. తనకోసం ఏమీ ఆశించకుండా వచ్చి పడుకున్న ఆరోగ్యవంతుడికి, నిష్పత్తి సర్దితే పోయే నూకల కోసం హెపారిన్ ఇవ్వడం సరికాదు.

సంచిలో మొదలయ్యే కథ

సేకరణ అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నాక కూడా ముద్దలు కడతాయి. సంచిలోని 200, 300 మి.లీ.లో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు దాత రక్తంలో కంటే ఎన్నో రెట్లు చిక్కగా ఉంటాయి. అవి చక్కెర తింటూ లాక్టిక్ ఆమ్లం వదులుతాయి, పీహెచ్ పడిపోతుంది. మూలకణాలు బతకాలంటే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. ప్లేట్‌లెట్లకి మాత్రం చలి కూడా ఒక రెచ్చగొట్టే కారణమే. ఈ రెంటి మధ్య రాజీ సిట్రేటే: సంచిలో సరిపడా ఏసీడీ-ఏ ఉండాలి, ముఖ్యంగా రాత్రంతా ఉంచాల్సినా, విమానంలో వేరే ఊరికి పంపాల్సినా. కణాలు మరీ చిక్కగా ఉంటే దాత ప్లాస్మా కలిపి పలచబరుస్తారు. ప్లాస్మా కూడా అదే సేకరణలో తీసి పెట్టుకోవాలి, తర్వాత దొరకదు.

సంచిలో ముద్ద ఉంటే లెక్క కూడా తప్పుతుంది. సీడీ34 కణాలు ముద్దలో ఇరుక్కుపోతే నమూనాలోకి రావు. సరిపోలేదనుకుని దాతని రెండో రోజు మళ్లీ పిలిచే పరిస్థితి వస్తుంది. ఘనీభవింపజేసి కరిగించాక వచ్చే జిగట దారాలు మాత్రం వేరే జాతి. చచ్చిన గ్రాన్యులోసైట్ల డీఎన్‌ఏ అది. సిట్రేట్‌తో పోదు.

ఒంట్లో ప్రమాదం

జి-సీఎస్ఎఫ్ తీసుకున్న ఆరోగ్యవంతుల రక్తాన్ని 1990ల చివర్లో పరీక్షించినప్పుడు గడ్డకట్టడానికి తోడ్పడే ఫ్యాక్టర్ 8, థ్రాంబిన్ తయారైన ఆనవాళ్లు, గడ్డ కరిగినప్పుడు మిగిలే డీ-డైమర్ పెరిగినట్టు కనిపించింది. అంటే గడ్డకట్టే వైపుకి రక్తం కొంత మొగ్గుతుంది. అది ఇంజెక్షన్లు ఆపాక కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. పరీక్షలో మొగ్గు కనిపించడం వేరు, నిజంగా గడ్డ రావడం వేరు. 1993 నుంచి 2005 వరకు ఎక్కువగా యూరప్ కేంద్రాల్లో జరిగిన 51,024 మార్పిడుల దాతల వివరాలు సేకరిస్తే, రక్తం నుంచి మూలకణాలు ఇచ్చిన 23,254 మందిలో నలుగురు చనిపోయారు, 25 మందికి తీవ్రమైన సమస్యలు వచ్చాయి. వాటన్నిటికీ కారణం గడ్డలే కావు. ప్రమాదం చాలా అరుదు, కానీ సున్నా కాదు.

అరుదైనదాన్ని ఇంకా అరుదు చేసే పని దాతని ఎంచుకునే దగ్గరే జరుగుతుంది. ఇంతకుముందు కాలి సిరలో గడ్డ, ఊపిరితిత్తుల్లో గడ్డ, పక్షవాతం, గుండెపోటు వచ్చినవాళ్లని ఈ పద్ధతికి తీసుకోకూడదు. పొగతాగడం, అదుపులో లేని బీపీ, షుగర్, గర్భనిరోధక మాత్రలు అడిగి రాసుకోవాలి. ఇంట్లో చిన్న వయసులో గడ్డలు వచ్చినవాళ్లున్నారా అని అడగాలి. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో రాత్రంతా బస్సులో కాళ్లు ముడుచుకుని హైదరాబాద్ వచ్చి, నీళ్లు తాగకుండా నేరుగా మంచమెక్కడం మంచిది కాదు. ముందురోజే చేరి, నీళ్లు బాగా తాగి, నడిచి తిరగాలి. తెల్లకణాలు 70, 75 వేలు దాటితే జి-సీఎస్ఎఫ్ మోతాదు తగ్గిస్తారు. ఎముకల నొప్పికి పారాసెటమాల్ మొదటి మందు. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి ప్లేట్‌లెట్లని అడ్డుకుంటాయి, ఎలాగూ సంఖ్య పడబోతున్నప్పుడు అవి అడగకుండా వేసుకోకూడదు.

అన్నిటికంటే నివారించదగ్గ కారణం మెడలోనో తొడలోనో పెట్టే లావుపాటి క్యాథెటర్. సిర గోడకి రాసుకుంటూ ఉండే ప్లాస్టిక్ గొట్టం గడ్డకి స్వయంగా ఆహ్వానం. ఆరోగ్యవంతుడైన దాతకి చేతి సిరలు దొరికితే క్యాథెటర్ పెట్టకూడదు, సిరలు ముందే చూసి నిర్ణయించాలి. మైలోమా రోగి పరిస్థితి వేరు. జబ్బు, దానికి వాడే లెనలిడోమైడ్, డెక్సామెథసోన్ మందులు అన్నీ గడ్డ వైపే తోస్తాయి, కీమోతో ప్లేట్‌లెట్లు పడితే రక్తస్రావం భయం కూడా తోడవుతుంది. ఆ రోగికి పెట్టిన క్యాథెటర్‌ని పని అయిపోగానే తీసేయాలి.

క్యాథెటర్‌లో నింపి ఉంచే హెపారిన్ ఇంకో చిక్కు తెస్తుంది. సేకరణ మర్నాడు ప్లేట్‌లెట్లు పడితే అది మెషీన్ పట్టుకుపోయిన లెక్క. హెపారిన్ తగిలిన అయిదు నుంచి పది రోజులకి సగానికి పడితే హెపారిన్ వల్ల వచ్చే థ్రాంబోసైటోపీనియా (ప్లేట్‌లెట్లు తగ్గిపోవడం) అని అనుమానించాలి. దానిలో ప్లేట్‌లెట్లు తక్కువే, కానీ ప్రమాదం గడ్డలది. ఇంకో తికమక: రక్తపరీక్షకి వాడే ఈడీటీఏ గొట్టంలో మాత్రమే ప్లేట్‌లెట్లు ముద్ద కట్టే మనుషులుంటారు. రిపోర్టు 60 వేలని వస్తుంది, ఒంట్లో నిజానికి రెండున్నర లక్షలు. స్లైడు మీద చూసి, సిట్రేట్ గొట్టంలో మళ్లీ లెక్కపెట్టకుండా ఆ దాతని వెనక్కి పంపకూడదు.

ఇంటికి వెళ్లేటప్పుడు దాతకి కాగితం మీద రాసి ఇవ్వాల్సినవి: ఒక కాలు లేదా చెయ్యి వాచి నొప్పి పుట్టడం, ఊపిరి అందకపోవడం, ఛాతీ నొప్పి, మాట తడబడడం, ఒక పక్క బలం తగ్గడం. వీటిలో ఏది వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా రావాలి. ఎడమ పక్కటెముకల కింద నొప్పి కూడా ఈ కాగితంలో ఉండాలి, అది గడ్డ కాదు, ఉబ్బిన ప్లీహం.

సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వారసత్వ జబ్బు) ఉన్నవాళ్ల దగ్గర పై లెక్కలన్నీ మారతాయి. వాళ్ల ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు రోజూ రెచ్చిపోయే ఉంటాయి. జి-సీఎస్ఎఫ్ ఇస్తే తీవ్రమైన నొప్పి సంక్షోభాలు, మరణాలు కూడా జరిగాయి. అందుకే అమెరికాలో 2023 డిసెంబర్‌లో అనుమతి పొందిన రెండు జన్యు చికిత్సలకి మూలకణాలు తీసేటప్పుడు జి-సీఎస్ఎఫ్ వాడరు, మజ్జ నుంచి మూలకణాలని దింపే ప్లెరిక్సాఫోర్ అనే మందు ఒక్కటే ఇచ్చి కొన్ని గంటల్లోనే సేకరణ మొదలుపెడతారు. ముందు వారాల్లో రక్తమార్పిడితో, కొడవలి ఆకారానికి కారణమయ్యే హిమోగ్లోబిన్-ఎస్‌ని 30 శాతం కంటే కిందికి తెస్తారు, మొత్తం హిమోగ్లోబిన్ 11 గ్రాములు దాటనివ్వరు, రక్తం చిక్కబడితే అదే ప్రమాదం కాబట్టి. కొడవలి కణాలు పొరల్లో సరిగ్గా అమరవు. మూలకణాలు మామూలు చోటు కంటే లోతున దొరుకుతాయి, టమాటా చారు రంగు ఇక్కడ కాస్త చిక్కగానే ఉండాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంతో అల్లూరి సీతారామరాజు జిల్లా, ఆదిలాబాద్ లాంటి గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు పెరిగాయి. అక్కడి కుటుంబంలో అన్నకి మూలకణాలు ఇవ్వడానికి చెల్లెలు వస్తే, ఆమెకి ఉన్నది జబ్బా, ఒక్క జన్యువు మాత్రమే మోసే ట్రెయిటా అన్నది హిమోగ్లోబిన్ రకాలని విడదీసి చూపే ఎలక్ట్రోఫోరెసిస్‌తోనో హెచ్‌పీఎల్‌సీతోనో తేల్చాకే మొదటి జి-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్ వెయ్యాలి. ట్రెయిట్ అయితే జాగ్రత్తగా చూసుకుంటూ ఇవ్వవచ్చు. జబ్బయితే ఆమె దాత కాదు.